బండ మీద ఎద్దు

బ్రహ్మయ్య దాపటెద్దుని పాము కరిచిందని ఊరంతా అనుకుంది. ఊరు అలా అనుకోవాలనే బ్రహ్మయ్య ఆ మాట అన్నాడు.

నిజం అతనికి తెలుసు, అతని పెళ్ళాం రత్తమ్మకి తెలుసు. తెల్లారగట్ల ఎద్దు పలుపు తెంపుకుని, గట్టు దాటి దశరథరామయ్యగారి పత్తిలో పడింది. ఆ పత్తికి ముందురోజు సాయంత్రమే ఎండ్రిన్ మందు కొట్టారు. బ్రహ్మయ్య వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఎద్దు కడుపునిండా మేసి, మెడ వాల్చి నిలబడి ఉంది. ముక్కుతాడు పట్టుకుని లాగితే తూలుకుంటూ నడిచింది. గట్టు ఇవతలికి, తను కౌలుకి చేసే మిరపచేలోకి వచ్చాక మోకాళ్ళ మీద కూలింది. కాళ్ళు కొట్టుకుంది. అంతే.

బ్రహ్మయ్య దాని పళ్ళ సందున ఇరుక్కున్న పత్తాకు వేలితో లాగి పారేశాడు. మూతి నురగ కండువాతో తుడిచాడు. పత్తిచేలో పడ్డ డెక్కల గుర్తులు కాలితో చెరిపాడు. ఇంటికెళ్ళి వాకిట్లో నిలబడి, "రత్తీ, ఎద్దుని పాము కొట్టిందే" అని పక్కింటికి వినపడేట్టు కేకేశాడు.

రత్తమ్మ బయటికొచ్చి మొగుడి మొహం చూసింది. చేతులు చూసింది.

"పామే?" అంది.

"పామే."

ఆవిడ ఏడుపు అందుకుంది.

దాచింది కౌలు కోసం. ఆ మిరపచేను కూడా దశరథరామయ్యగారిదే. వరసకి బాబాయ్. కాగితం లేదు, ఏటా ఉగాదికి నోటిమాట మీద నడిచే కౌలు. బ్రహ్మయ్యకి సొంతాన ఉన్నది రాళ్ళచెలక ముక్క, దాని గట్టున ఓ చింతచెట్టు. తిండి గింజలైనా, నలుగురిలో రైతనిపించుకున్నా ఆ కౌలుచేను వల్లే. పత్తి ఆ మెరకలకి కొత్తగా దిగిన రోజులవి. దశరథరామయ్యగారు పత్తి మీద బిడ్డ మీదున్నంత ప్రేమ పెట్టుకున్నారు. "నా పత్తిలో గొడ్డు కనపడిందా, ఎవడిదైనా సరే, వాడు నా గట్టు దిగాల్సిందే" అని నలుగురిలో అన్నారు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఇక మౌలాలి సంగతి. ఆ ఊరు జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే రోడ్డుకి లోపలగా ఉంటుంది. మౌలాలిది జగ్గయ్యపేట, అతనికి అక్కడ బొమికలు పోగేసి అమ్మే కోఠీ ఉంది. వాళ్ళ నాన్న ఒంటెద్దు బండి మీద ఊరూరా తిరిగి చచ్చిన గొడ్ల బొమికలు ఏరి, రైలుకెత్తి పంపేవాడు. మౌలాలి అలా పంపడం మానేసి, మిషను తెచ్చి, పొడి కొట్టడం మొదలెట్టాడు. ఆ పొడి మిరపకి మంచి ఎరువు. గొడ్డు చచ్చిన రైతు దాన్ని ఊరి బయట నాపబండ మీదికి తోలిస్తే చాలు. తోలు, దాన్ని ఒలిచే పల్లె జ్ఞానయ్యది. మాంసం రాబందులది. బొమికలు మౌలాలివి. గొడ్డుగలాయనకి కొంత డబ్బు, ఓ బస్తా పొడి. ఎరువు కొనలేని చిన్నరైతులు ఆ బస్తాలతోనే మిరప పండించారు.

పక్షులు లేకపోతే ఇదంతా లేదు. కుక్కలకి వదిలితే బొమికలు కొరికి ఊరంతా ఈడుస్తాయి, కంపు, ఈగలు. రాబందులు దిగితే గంటలో ఎద్దుని కడిగినట్టు చేసి పోతాయి. "నాది బొమికల యాపారం కాదు మావా, పక్షుల యాపారం" అనేవాడు మౌలాలి. "నా పనోళ్ళు ఆకాశంలో ఉంటారు. కూలి పెంచమని అడగరు." అవి గూళ్ళు పెట్టేది ఊరి తూర్పున చింతతోపులో. ఆ చెట్లు అయిదారుగురు చిన్నరైతులవి, అందులో బ్రహ్మయ్య చెట్టొకటి. చెట్టు కొట్టకుండా ఉంచినందుకు ఏటా చెట్టుకో బస్తా. పనిలేక పిట్టలకి అద్దె కడుతున్నాడని జనం నవ్వారు, బస్తాలు మాత్రం తీసుకున్నారు.

పత్తి వచ్చాక మౌలాలి ఒక కట్టుబాటు పెట్టాడు. మందు తిని చచ్చిన గొడ్డుని బండ ఎక్కించకూడదు, పూడ్చాలి. "పూడ్చినా డబ్బు ఇస్తా, బస్తా ఇస్తా. నాకు చెప్పండి, అంతే. దాచొద్దు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఏటి ఒడ్డు ఊళ్ళో ఒక్క గేదె వల్ల పక్షులన్నీ పోయాయట.

మంచి కట్టుబాటే. కానీ ఇప్పుడు గొడ్డుని పూడ్చడమంటే, అది మందు తిని చచ్చిందని డప్పు కొట్టించడమే. ఎవరి పత్తిలో తింది అన్నది ఆ తర్వాత మాట. బ్రహ్మయ్య సొంతానికి పత్తి లేదు. అందుకని దాపటెద్దు బండ ఎక్కింది.

జ్ఞానయ్య కత్తి నూరుకుని వచ్చాడు. ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎక్కడ కొట్టిందండి పాము?"

"మూతి మీద."

జ్ఞానయ్య మూతి ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "వాపు లేదే."

"కాలి మీదేమో. మసక చీకట్లో నేను చూశానా?"

"కాలైతే గిట్ట పైన నల్లబడుద్దండి."

బ్రహ్మయ్యకి గొంతు లేచింది. "ఏంట్రా, గొడ్ల డాట్రువా నువ్వు? నేను అబద్ధమాడుతున్నానా?"

జ్ఞానయ్య వయసులో అతనికన్నా పెద్ద. చేతిలో కత్తి, ఎదురుగా రైతు. కాసేపు ఎద్దునే చూసి, "మీరు పామంటే పామేనండి" అన్నాడు.

తోలు తీశారు. వేరే రోజైతే జ్ఞానయ్య వెంట వచ్చిన పల్లెవాళ్ళు ఇంత మాంసం కోసి ఆకుల్లో చుట్టుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ ముట్టలేదు. వాగులో చేతులు కడుక్కున్నారు, మట్టి పెట్టి మళ్ళీ కడుక్కున్నారు, వెనక్కి చూడకుండా పోయారు. అది బ్రహ్మయ్య చూశాడు.

పొద్దెక్కాక ఆకాశంలో ఒక చుక్క కనపడింది. తర్వాత ఇంకోటి. ఎక్కడెక్కడివో వచ్చి ఒక దాని కింద ఒకటి గుండ్రంగా తిరిగాయి. ఎన్నిసార్లో చూశాడు బ్రహ్మయ్య. ఈసారి వాటి నీడలు మిరపచేను మీదుగా పోతుంటే, ఒక నీడ తన మీద పడినప్పుడల్లా పక్కకి జరిగాడు. రెక్కలు ముడుచుకుని రాళ్ళు పడ్డట్టు దిగాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందు పొట్ట చీల్చాయి. పొట్టలోనే ఉంది పత్తాకంతా.

గంటయింది. రెండయ్యాయి. ఎద్దు సగం అలాగే ఉంది. పక్షులు తినడం ఆపి, మెడలు లోపలికి లాక్కుని, బండ మీద దూరం దూరంగా కూర్చున్నాయి. అరుపుల్లేవు, తోపులాట లేదు. కొన్ని లేచిపోయాయి. కొన్ని లేవబోయి మళ్ళీ కూర్చున్నాయి.

సాయంత్రం గట్టు మీద ఒకటి ఎదురైంది. రెక్క నేలకి ఈడుస్తూ, తాగినవాడిలా నడుస్తోంది. "హే!" అని అదిలించాడు. అది ఎగరలేదు. ఆగి అతని వైపే చూసింది. బ్రహ్మయ్యే దారి వదిలి చేలో దిగి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే ఇంటి కప్పు మీద ధన్‌మని పడింది. తాటాకు కప్పులోంచి మన్ను కంచంలో రాలింది. బయట ఎవరో కెవ్వుమన్నారు. బ్రహ్మయ్య ఎంగిలిచేత్తోనే వాకిట్లోకి వచ్చాడు. నడికొప్పు మీద రాబందు. రెక్కలు రెండు పక్కలా పరిచి, తల వేలాడేసి ఉంది.

రాబందు వాలిన ఇల్లు పాడుపెట్టాలి. ఆ మాట ఎవరికీ నేర్పక్కర్లేదు. ఊరు ఊరంతా పోగయ్యింది. పిల్లలు రాళ్ళు విసిరారు. అది కదల్లేదు.

"పొయ్యిలో నీళ్ళు పొయ్యండి" అంది పెద్దావిడ సీతారావమ్మ. "గొడ్డూ గోదా బయటికి తోలండి. ఆర్నెల్లు ఈ ఇంట్లో దీపం పెట్టకూడదు. శాంతి చేయించాకే గడప తొక్కాలి. నిన్న ఎద్దు, ఇయ్యాల ఇల్లు. దీని తర్వాత మనిషేనమ్మా."

"ఊరుకో అత్తా" అన్నారెవరో.

"నేనూరుకుంటే అది ఊరుకుంటదా?"

"సాయిబు మేపాడుగా" అన్నాడు తోపులో చెట్టున్న వెంకటరత్నం. "పిట్టలకి అద్దెలు కట్టాడు. ఇప్పుడవి ఇళ్ళకే వచ్చినయ్, భోజనాలకి."

కొందరు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది. దశరథరామయ్యగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి కప్పు వైపు చూశారు.

"ఆ తోపు కొట్టించెయ్యండ్రా" అన్నారు. "ఇటికబట్టీ వాడు ఎప్పట్నించో అడుగుతున్నాడు. గూళ్ళు పోతే పీడ పోద్ది." బ్రహ్మయ్య భుజం మీద చెయ్యి వేశారు. "పామే గదరా కొట్టింది?"

ఊరికే అడిగారో, కావాలని అడిగారో.

"పామే బాబాయ్ గారూ."

ఆ చెయ్యి భుజం మీద ఇంకాసేపు ఉంది. తర్వాత తీసేశారు.

జనం పల్చబడ్డాక మౌలాలి సైకిలు దిగాడు. జ్ఞానయ్య కబురంపాడట. నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. గోనెసంచి కప్పి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పక్షిని దించాడు. దాని నోట్లోంచి కారిన దాన్ని వేలికి రాసుకుని వాసన చూశాడు. ఆ వేలు బ్రహ్మయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

బ్రహ్మయ్య మొహం తిప్పుకున్నాడు.

"మావా, ఇది పాము వాసనా?"

"నాకేం తెలుసు?"

"నీ ఎద్దు ఏం తింది?"

"చెప్పాగా. పాము."

మౌలాలి అరవలేదు. అరిస్తే బాగుండేది. "చూడు మావా. సగం ఎద్దు ఇంకా బండ మీదుంది. మందు తగలని పక్షులు కొండ మీదున్నయ్, రేపు ఎండ ఎక్కంగానే అవీ దిగుతయ్. తోపులో గూళ్ళల్లో పిల్లలున్నయ్. నువ్వు ఒక్కమాట చెప్తే నేనిప్పుడే మనుషుల్ని పెట్టి పూడ్పిస్తా. జనానికి కూడా చెప్పొచ్చు, ఇది అరిష్టం కాదు, మందు అని. చెట్లాగుతయ్. నాకు చెప్పు. అంతే చాలు."

"నీకు చెబితే నీతోనే ఆగుద్దా?"

ఆ మాట నోరు జారింది. మౌలాలి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. పక్షి గోనెలో ఒకసారి తన్నుకుంది.

"ఆగదు" అన్నాడు. "రైతు వద్దంటుంటే ఆయన గొడ్డుని పూడ్చాలంటే కారణం చెప్పాలి మావా, ఊరికి. సొంత ఎద్దు నీది. నువ్వు పామంటే నేను పలుగు ఎత్తలేను."

"అయితే పామే."

మౌలాలి గోనె కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం మిరపచేలో కాపలా గుడిసెలో పడుకున్నారు. తెల్లారి రత్తమ్మ మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తూ అంది:

"ఎద్దు పోయింది. ఇల్లు పోయింది. ఇంకా దేన్ని కాపాడుతున్నావయ్యా?"

"ఈ చేనే."

"ఆ చేలోనే కూర్చుని నీకు అన్నం సయించట్లా. రాత్రి నిద్దట్లో 'హే హే' అని తోలుతున్నావు. దేన్ని తోలుతున్నావో నాకు తెలుసు."

బ్రహ్మయ్య తల ఎత్తాడు. కొండ మీద ఎండ పడుతోంది. పైన ఒక చుక్క తేలింది. తర్వాత ఇంకోటి.

పలుగు తీసుకున్నాడు. మిగిలిన ఎద్దుని విప్పుకున్నాడు. నాపబండ మీద గొయ్యి తియ్యడం కుదరదు, కిందికి లాగాలి. కానీ వలపటెద్దు బండ అంత దూరాన ఉండగానే కాళ్ళు నిలేసింది. కొట్టినా కదల్లేదు. జతదాని వాసన తగిలిందేమో. దాన్ని చెట్టుకి కట్టి ఒక్కడే ఎక్కాడు.

బండ చుట్టూ గట్ల మీద, తుప్పల్లో, రెక్కలు పరుచుకుని చచ్చిన పక్షులు కనపడ్డాయి. పైన బతికినవి దిగుతున్నాయి. బ్రహ్మయ్య రాయి తీసి విసిరాడు. చొక్కా విప్పి ఊపాడు. లేచినవి అల్లంత దూరాన వాలి, మెడ చాచి, మళ్ళీ నడుచుకుంటూ వచ్చాయి. ఒక పక్క తోలితే ఇంకో పక్క నుంచి వచ్చాయి. కాళ్ళు పట్టి లాగితే ఎద్దు కదలదు. లాగితే తోలేవాడు లేడు, తోలితే లాగేవాడు లేడు.

మిరపకోతకి పోయే ఆడకూలీలు దారిలో ఆగారు.

"అదేందే, బ్రహ్మయ్య బావ ఎద్దుకి కాపలా కాస్తన్నాడు?"

"బతికున్నప్పుడు కట్టెయ్యలా, చచ్చినాక కాపలా!"

"ఆ పక్షులు తింటే ఏమయిద్దంట బావా?" అని అరిచింది రత్నమణి.

బ్రహ్మయ్య ఇంకో రాయి విసిరాడు. రత్నమణి నవ్వు ఆగింది. చచ్చిన పక్షుల్ని చూసింది. బండ కింద, వాగు అవతల, పచ్చగా నిగనిగలాడుతున్న పత్తిని చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా నడిచింది. మాట ఊళ్ళోకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

దశరథరామయ్యగారు వచ్చి బండ కింద నిలబడ్డారు. వెనక కొంతమంది. మౌలాలి ఉన్నాడు, సైకిలు మీద సున్నం బస్తాతో. ఆ రోజు రానే రాడనుకున్నాడు బ్రహ్మయ్య.

"ఏంట్రా, పక్షుల్ని తోలుతున్నావు?" అన్నారు దశరథరామయ్యగారు.

బ్రహ్మయ్యకి గస వస్తోంది. ఇప్పుడు కూడా పామనొచ్చు. ఎద్దు మీద ప్రేమ అనొచ్చు. ఏదన్నా అనొచ్చు. అతని వెనక ఒకటి ధైర్యం చేసి ఎద్దు మీద వాలింది. గిరుక్కున తిరిగి పలుగుతో అదిలించాడు. అటు తిరిగే ఉండి చెప్పాడు:

"నా ఎద్దు మీ పత్తి మేసింది బాబాయ్ గారూ. పాము లేదు."

దశరథరామయ్యగారు ఒకడుగు ముందుకి వేశారు.

"ఎక్కడ దాటింది?"

"వాగు గట్టు కాడ."

"అడుగులు కనపడలేదే."

"చెరిపా."

దశరథరామయ్యగారు కర్ర రెండు చేతులా పట్టుకున్నారు. కోపం మొహంలోకి రాలేదు. "కాయ కోసుకో. నీ కష్టం నాకొద్దు. ఉగాదికి గట్టు దిగు."

"బాబాయ్..."

"ఆ పిలిచే నోటితోనేరా పామన్నావు" అని ఆయన వెనక్కి తిరిగారు.

జనంలోంచి ఒక్కడు ముందుకొచ్చాడు, జ్ఞానయ్య. ఎద్దు వెనక కాళ్ళకి తాడు బిగించాడు. మౌలాలి ఇంకో కొస పట్టుకున్నాడు. ముగ్గురూ కిందికి లాగి, ఎర్రమన్నులో లోతుగా తవ్వి, సున్నం పోసి పూడ్చారు. చుట్టుపక్కల చేలల్లో పడ్డ పక్షుల్ని కూడా ఏరుకొచ్చి అదే గోతిలో వేశారు. జ్ఞానయ్య వాటిని లెక్కపెట్టబోతే మౌలాలి వద్దన్నాడు.

"నిన్న నేను అడిగినప్పుడు..." అని మొదలుపెట్టాడు జ్ఞానయ్య.

"అడిగావు" అన్నాడు బ్రహ్మయ్య. "నేనే నిన్ను నోరుమూయించా."

మొన్న అడిగిందాన్ని జ్ఞానయ్య నిన్న అన్నాడు. దిద్దే ఓపిక ఎవరికీ లేదు.

తోపు సంగతి మాట్లాడదామని సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టాడు మౌలాలి. అరిష్టం కాదు, మందు అని చెప్పాడు. విన్నారు. "మందు తిన్నా పక్షి పక్షే. వాలింది వాలినట్టే" అంది సీతారావమ్మ. వెంకటరత్నం అప్పటికే బట్టీ వాడికి మాట ఇచ్చేశాడు. మిగతావాళ్ళూ అటే మొగ్గారు. రంపాలు ఆ వారంలోనే వచ్చాయి. కొమ్మలు పడ్డప్పుడు గూళ్ళూ పడ్డాయి. బ్రహ్మయ్య తన చెట్టు కింద కూర్చుని లేవలేదు కాబట్టి అదొక్కటి మిగిలింది. దాని మీది గూట్లోంచి పిల్ల బుసకొట్టినట్టు అరిచేది. జ్ఞానయ్య పేగులు తెచ్చిస్తే మౌలాలి ఎక్కి పెట్టి వచ్చేవాడు. మూడోనాటికి అరుపు ఆగింది. మౌలాలి ఎక్కి చూసి దిగాడు. మళ్ళీ ఎక్కలేదు.

ఉగాదికి బ్రహ్మయ్య గట్టు దిగాడు. వలపటెద్దుని అమ్ముకున్నాడు. మౌలాలి అతన్ని బండ కాపలాకి పెట్టుకున్నాడు. ఏ గొడ్డు వచ్చినా జ్ఞానయ్య పొట్ట కోసి చూసి, వాసన చూసి, సరేనంటేనే బ్రహ్మయ్య బండ ఎక్కించాలి.

ఎండలు ముదిరాక వెంకటరత్నం ముసలి గేదె చచ్చిపోయింది. ముసలితనంతోనే చచ్చింది, మందూ మాకూ లేదు. జ్ఞానయ్య రెండుసార్లు చూసి సరే అన్నాడు. తోలు తీశాక ముగ్గురూ దూరంగా తుమ్మనీడన కూర్చున్నారు.

పొద్దెక్కింది. బండ కాలుతోంది. ఈగలు ముసిరాయి. ఆకాశం తెల్లగా, ఏమీ లేకుండా ఉంది. మధ్యాహ్నం దాటాక కొండ వైపు నుంచి ఒక్కటి వచ్చింది, చాలా పైన. మౌలాలి లేచి నిలబడ్డాడు. అది బండ మీదుగా ఒక చుట్టు తిరిగింది. కిందికి దిగలేదు. ఇంకో చుట్టు కూడా తిరగలేదు. వచ్చిన దారినే పోయింది.

ఊరి వైపు నుంచి కుక్కలు వచ్చాయి. బ్రహ్మయ్య కర్ర పట్టుకుని గేదె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రా మావా, ఇక రావు" అన్నాడు మౌలాలి.

"ఇంకాసేపు చూద్దాం."

కుక్కలు మొరగలేదు. అతను కర్ర ఎత్తితే నాలుగడుగులు వెనక్కి వేశాయి. తర్వాత అతని చుట్టూ, కర్ర అందనంత దూరంలో, ఒక్కొక్కటే కూర్చున్నాయి.